కొత్త బ్లేడు మా కళ్ళ ముందే విప్పండి అక్కా

మన ఊళ్ళల్లో బ్యూటీ పార్లర్లు నడిపే అక్కలకి, వాటిల్లో పనిచేసే చెల్లెళ్ళకి,

నమస్తే. నేనొక నర్సుని, పద్నాలుగేళ్ళుగా గోదావరి జిల్లాల్లోనే డ్యూటీ. దానికంటే ముందునుంచీ మీ కస్టమర్ని. నెలకోసారి ఐబ్రోస్, పండక్కి ఫేషియల్, బుద్ధి పుట్టినప్పుడు హెన్నా. కాబట్టి ఇది ఎవరో బయటినుంచి వచ్చి మీ పొట్ట మీద కొట్టడానికి రాస్తున్న లేఖ కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మధ్యలో మీకు కోపం వస్తుంది.

పోయిన మాఘంలో మా అన్నయ్య కూతురి పెళ్ళి. పెళ్ళికి రెండ్రోజుల ముందు ప్యాకేజీ మాట్లాడుకున్నాం, 4,500 రూపాయలు, అందులో క్లీనప్, ముఖం మీద నూగు తీసేసే డెర్మాప్లేనింగ్, ఆ వెంటనే బ్లీచ్, తర్వాత గోల్డ్ ఫేషియల్, పెడిక్యూర్ అన్నీ కలిపి. పక్క కుర్చీలో నేను కూర్చున్నా. చేసే అమ్మాయికి ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు, పాపం పొద్దుట్నుంచీ నిలబడే ఉంది, గాజు గ్లాసులో నీలం నీళ్ళలోంచి బ్లేడు బిగించిన హ్యాండిల్ తీసి టిష్యూతో తుడిచి మా పిల్ల నుదుటి మీద పెట్టింది. పది నిమిషాల ముందు ఒక పెద్దావిడ కుర్చీ దిగినప్పుడు అదే హ్యాండిల్ అదే గ్లాసులోకి వెళ్ళడం నేను చూశా. చూసి కూడా నోరు పెగల్లేదు. హాస్పిటల్లో అయితే ఎవరైనా ఒకరికి వాడిన సూది ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని, ఇక్కడ మాత్రం పెళ్ళిపిల్ల ముందు గొడవెందుకు, చుట్టూ అందరూ ఉన్నారు, ఏమనుకుంటారో అని ఊరుకున్నా. నాకింకా సిగ్గుగానే ఉంది ఆ విషయం తలుచుకుంటే.

పెళ్ళైన ఆరువారాలకి పిల్ల ఫోన్ చేసింది, అత్తా నుదుటి మీద, బుగ్గ మీద చిన్న చిన్న గింజల్లా వస్తున్నాయి, అదీ గీత గీసినట్టు వరసగా అని. స్కిన్ డాక్టరు చూడగానే అడిగిన మొదటి మాట, ముఖం షేవ్ చేయించావా అని. వైరస్ వల్ల వచ్చే పులిపిర్లు అవి, చదునుగా చర్మం రంగులోనే ఉండే రకం. పెళ్ళికి ముందే కుడి కణత దగ్గర రెండు ఉండేవి, చెమటకాయలేమో అనుకుంది, మేమూ అదే అనుకున్నాం. బ్లేడు వాటి మీదుగా వెళ్ళి ఆ వైరస్‌ని దారి పొడుగునా నాటుకుంటూ పోయింది. క్రీములతో తగ్గడానికి నెలలు పట్టింది, ఇంకా పూర్తిగా పోలేదు.

ఇక్కడ నేను న్యాయంగా మాట్లాడాలి. మీరు ఆరోజు కొత్త బ్లేడు వేసినా ఆ పులిపిర్లు ఆగేవి కావు, ఎందుకంటే అవి మా పిల్ల సొంతవి. అక్కడ జరగాల్సింది వేరే, ముఖాన్ని మంచి వెలుతురులో చూసి "ఈ గింజలేంటమ్మా, ముందు డాక్టర్ కి చూపించు, ఇవాళ చెయ్యను" అనడం. పాత బ్లేడు సంగతి దాని పక్కన ఇంకో తప్పు, దాని భయం ఇంకో రకం, ఒకరి రక్తంలోని రోగం ఇంకొకరికి అంటుకోవడం. ఆ భయంతోనే నేను పిల్లకి లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి టెస్టులు, హెచ్ఐవి టెస్టు చేయించా, కొత్తల్లుడికి ఏం చెప్పాలో తెలీక "జనరల్ చెకప్" అని చెప్పి తీసుకెళ్ళా. వెంటనే చేస్తే కొన్ని బయటపడవు కాబట్టి మళ్ళీ శ్రావణంలో కూడా చేయించా. రెండుసార్లూ నెగెటివ్. ఆ ఆర్నెల్లు నేను ఎలా గడిపానో నాకు తెలుసు.

అంటే నూగు తీయించుకోవడమే తప్పంటున్నావా అని అడుగుతారు. కాదు. ఎవరి ముఖం వాళ్ళిష్టం. నూగు ఉంటే రోగమూ కాదు, తీస్తే పాపమూ కాదు. సరిగ్గా చేస్తే ఇది మిగతావాటితో పోలిస్తే తేలికైన పనే, ముఖానికి వ్యాక్స్ పెట్టి లాగడం కంటే, బ్లీచ్ తో మంట పెట్టడం కంటే నయం అని కూడా నేనంటాను. బ్లేడుతో పోయేది పైన పేరుకున్న చచ్చిన చర్మం, దాంతోపాటు నూగు, అంతే. అందుకే చేసిన రోజు ముఖం మెరుస్తుంది, మేకప్ బాగా పట్టుకుంటుంది.

షేవ్ చేస్తే మందంగా వస్తుంది, గడ్డం వచ్చేస్తుంది అని మా అమ్మ దగ్గర్నుంచి మీ పార్లర్లో పనిచేసే పిల్లదాకా అందరూ అంటారు, పైగా మీలో కొంతమంది అదే భయం పెట్టి లేజర్ ప్యాకేజీలు అమ్ముతున్నారు. అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే మగవాళ్ళకి గడ్డం గీయించి, వెంట్రుకల్ని మైక్రోస్కోపు కింద పెట్టి కొలిచి చూసింది, మందమూ పెరగలేదు, వేగమూ పెరగలేదు. వెంట్రుక పుట్టేది చర్మం లోపల, బ్లేడు తగిలేది పైన, లోపలున్నదానికి పైన కోసిన సంగతే తెలీదు. మరి చేత్తో తడిమితే గరుకుగా ఎందుకుంటుందంటే, వరిచేలో నడిచినవాళ్ళకి తెలుసు, పైరు కొస మెత్తగా ఉంటుంది, కోత కోసాక కొయ్యకాళ్ళు అరికాళ్ళకి గుచ్చుకుంటాయి. చేను లావెక్కలేదు కదా, కొస మొండిగా తెగింది. ఇదీ అంతే.

లేజర్ గురించి ఒక్క మాట. లేజర్ వెంట్రుకలోని నలుపుని పట్టుకుని పనిచేస్తుంది, నూగులో ఆ నలుపు ఉండదు. కాబట్టి నూగు మీద లేజర్ డబ్బు దండగ, ఒక్కోసారి రివర్స్ కూడా అవుతుంది, తీసిన చోట, దాని చుట్టుపక్కల ఇంకా మందంగా వస్తుంది. ముఖ్యంగా మనలాంటి చామనఛాయ ఆడవాళ్ళకి, దవడ దగ్గర, గడ్డం కింద, హార్మోన్ల తేడా ఉన్నవాళ్ళకి. అది జరిగాక మళ్ళీ మీ దగ్గరికే వచ్చి ఏడుస్తారు.

హార్మోన్లంటే గుర్తొచ్చింది. గడ్డం కింద, పై పెదవి మీద నూగు కాకుండా నల్లగా బిరుసుగా వస్తూ, నెలసరి సరిగ్గా రాని పిల్లలు మీ దగ్గరికి బోలెడుమంది వస్తుంటారు. అది పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య అయ్యుండొచ్చు, ఇంకేదైనా కావచ్చు. డాక్టర్ కంటే ముందు ఆ పిల్ల ముఖం చూసేది మీరే. దయచేసి ఆ సంగతి పిల్లకి పక్కకి పిలిచి మెల్లగా చెప్పండి, నలుగురిలో "ఏంటమ్మా గడ్డం వస్తోందేంటి నీకు" అని నవ్వకండి. ఆ మాట నేను నా పదిహేడో ఏట విన్నా, ఆ తర్వాత రెండేళ్ళు ఏ పార్లర్ గడపా తొక్కలేదు, ఇంట్లో బ్లేడుతో దొంగతనంగా గీసుకుని కోసుకున్న గాటు గడ్డం కింద ఇప్పటికీ ఉంది.

సరే, అసలు సంగతికొస్తా.

ఆ గ్లాసులో నీలం నీళ్ళు. అందులో యాంటిసెప్టిక్ కలుపుతాం మేడమ్ అంటారు. స్పిరిట్ తో తుడుస్తాం అంటారు. కొంతమంది అయితే నీలం లైటు వెలిగే చిన్న పెట్టె చూపించి స్టెరిలైజర్ మేడమ్ అంటారు, అది చూసి కస్టమర్లు తృప్తిపడిపోతారు. ఆ లైటు తనకి ఎదురుగా ఉన్న వైపునే తాకుతుంది, బ్లేడు అడుగు వైపు, హ్యాండిల్ సందుల్లో, ఎండిన రక్తం పొర కింద ఏమీ చెయ్యలేదు. హాస్పిటల్లో మేం స్టెరిలైజ్ అనాలంటే ఆటోక్లేవ్ లో పెడతాం, పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి, 121 డిగ్రీల ఆవిరి, కనీసం 15 నిమిషాలు. అంత చేసేమాటైనా బ్లేడు మాత్రం మళ్ళీ వాడం, పారేస్తాం, దానికి రెండో మాట లేదు.

రక్తం రాలేదు కదా అంటారు. కంటికి కనపడేంత రానక్కర్లేదు. నూగు తీసేటప్పుడు మొటిమ తల తెగుతుంది, పెదవి పక్కన సన్నగా గీరుకుంటుంది, వాళ్ళకీ తెలీదు మీకూ తెలీదు. అందరూ హెచ్ఐవికి భయపడతారు, అది బయటి గాలిలో ఎక్కువసేపు నిలవలేదు, నాకు ఎక్కువ భయం హెపటైటిస్ బి. ఆ వైరస్ ఎండిన రక్తంలో ఏడు రోజుల దాకా బతికే ఉంటుంది, కనపడని చుక్కలో కూడా. సోమవారం వచ్చినావిడది శనివారం వచ్చినమ్మాయికి అంటగలదు, మధ్యలో మీ చెయ్యి తెగితే మీక్కూడా. అందుకే మీకు, మీ దగ్గర పనిచేసే పిల్లలకి నేను చెప్పే మొదటి పని, హెపటైటిస్ బి టీకా వేయించుకోండి, మూడు డోసులు, మొదటిది వేశాక నెలకి ఒకటి, ఆరో నెలకి ఒకటి. మేమంతా ఉద్యోగంలో చేరగానే వేయించుకున్నాం. మీ పని కూడా బ్లేడుతోనే కదా.

ఇదంతా హాస్పిటల్ వాళ్ళ చాదస్తం అనుకుంటే ఒకటి చెప్తా. అమెరికాలో న్యూ మెక్సికోలో ఒక స్పాలో రక్తం తీసి సన్నటి సూదులతో ముఖానికి ఎక్కించే ఫేషియల్ చేసేవాళ్ళు, అక్కడ 2018లో చేయించుకున్న ఆడవాళ్ళకి హెచ్ఐవి అంటిందని 2024లో ఆ దేశంలో రోగాల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ రిపోర్టు ఇచ్చింది. అది సూదుల పని, మీది బ్లేడు పని, రెండూ ఒకటి కాదు, ఒప్పుకుంటా. కానీ అది కూడా అందం కోసం వెళ్ళిన గదే, హాస్పిటల్ కాదు.

ఇప్పుడు మగవాళ్ళ సెలూన్ చూడండి. మా నాన్న కాలంలో ఒకటే కత్తి, తోలు పట్టీ మీద నూరి ఊరందరికీ అదే. హెచ్ఐవి ప్రచారం వచ్చాక మారింది. ఇవాళ పల్లెటూళ్ళో చెట్టుకింద కుర్చీ వేసుకున్న మంగలి అన్న కూడా బ్లేడు కాగితం విప్పి, మధ్యకి పుటుక్కున విరిచి, సగం బిగించి మొదలుపెడతాడు. అతను మర్చిపోతే కుర్చీలో కూర్చున్నాయనే "అన్నా, కొత్త బ్లేడు వెయ్యి" అంటాడు, అడిగినాయనకి మొహమాటం లేదు, అడిగించుకున్నాయనకి కోపం లేదు. తిరుమల కల్యాణకట్టలో టోకెన్ తో పాటు బ్లేడు కూడా భక్తుడి చేతికే ఇచ్చి పంపిస్తారు. మరి గుండుకి ఐదొందలు కూడా ఇవ్వని మగాడికి దొరికిన కొత్త బ్లేడు 4,500 ఇచ్చిన పెళ్ళికూతురికి ఎందుకు దొరకలేదు అక్కా? సర్జికల్ బ్లేడు హోల్‌సేల్ డబ్బా కొంటే ఒక్కోటి పది రూపాయల్లోపే పడుతుంది. ప్యాకేజీలో పాతిక పెంచి బిల్లులో "కొత్త బ్లేడు" అని రాయండి, సంతోషంగా ఇస్తాం.

నాకు తెలుసు, చాలాచోట్ల ఓనరు లెక్కపెట్టి రోజుకి రెండో మూడో బ్లేడులు ఇస్తారు, పిల్లలు వాటితోనే సర్దుకోవాలి. నెలరోజుల కోర్సులో ఒక మధ్యాహ్నం ఈ పని చూపించి సర్టిఫికెట్ ఇచ్చేస్తారు, తప్పు జరిగితే తిట్లు మాత్రం చేసిన పిల్లకే. అందుకే ఈ లేఖలో ఈ ముక్క ఓనర్ అక్కలకే. బ్లేడు డబ్బా మీ బీరువాలో కాదు, కుర్చీ పక్కన ఉండాలి.

బ్లేడు రకం గురించి కూడా. గార్డు లేని సర్జికల్ బ్లేడు, మేం ఆపరేషన్ థియేటర్లో చూసే పదో నంబరు, అది స్కిన్ డాక్టర్ల దగ్గర ఉంటేనే మంచిదని నా అభిప్రాయం. మీరు పళ్ళలాంటి గార్డు ఉన్న ఫేస్ రేజర్ వాడండి, అదీ ఒకరికి ఒకటే, పని అయ్యాక కావాలంటే ఆవిడకే ఇచ్చి పంపేయండి, ఇంట్లో తన ముఖానికి తను వాడుకుంటుంది. చర్మం బాగా ఆరాక, రెండో చేత్తో సాగదీసి పట్టుకుని, 45 డిగ్రీల వాలులో, నొక్కకుండా చిన్న చిన్నగా లాగాలి. పుట్టుమచ్చ మీద పోనివ్వకండి. గీసిన చోటే మళ్ళీ మళ్ళీ గీయకండి, అక్కడే మంట మొదలయ్యేది.

ఇక ఎవరికి చెయ్యకూడదో. చీము పట్టిన మొటిమలున్నవాళ్ళు, పెదవి పక్కన నీటి పొక్కులు లేచినవాళ్ళు, పులిపిర్లు, తామర ఉన్నవాళ్ళు, వీళ్ళకి తగ్గేదాకా వద్దు. దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బెత్తుగా గట్టిపడే శరీరం ఉన్నవాళ్ళకి వద్దు. బొల్లి ఉన్నవాళ్ళకి గీరుకున్నచోట కొత్త మచ్చ లేచే ప్రమాదం ఉంది, థ్రెడింగ్ తో కూడా అంతే. రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్ళని అడిగి తెలుసుకోండి. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడే కాలేజీ పిల్లలకి డాక్టర్ని అడగకుండా ఏమీ చెయ్యకండి, వాళ్ళకి వ్యాక్స్ పెడితే చర్మమే ఊడొస్తుంది. రాత్రిపూట ముఖానికి రెటినాల్ అనే క్రీము రాసుకునేవాళ్ళని కొన్నిరోజులు ఆపి రమ్మనండి.

వీటన్నిటికంటే మన దగ్గర పెద్ద తలనొప్పి తెల్లబడే క్రీములు. మెడికల్ షాపుకెళ్ళి "ముఖం తెల్లగా అయ్యే క్రీము" అంటే ఇచ్చే ట్యూబులో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. 2018లోనే కేంద్రం స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్ లో చేర్చింది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా దొరుకుతూనే ఉంది, పక్కింటావిడ చెప్పిందని ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నారు. మొదటి నెల ముఖం పాలరాయిలా ఉంటుంది. తర్వాత ఉల్లిపొర అంత పలచగా అవుతుంది, ఎండలోకెళ్తే ఎర్రగా మండుతుంది, సన్నటి నరాలు కనిపిస్తాయి, మొటిమలొస్తాయి, మానేస్తే ఇంకా మంట. చాలామందికి తెలీని సంగతి ఏంటంటే స్టెరాయిడ్ రాసిన చోట వెంట్రుకలు కూడా పెరుగుతాయి. అంటే క్రీము రాసి నూగు పెంచుకుని, ఆ నూగు తీయమని మీ దగ్గరికి వస్తారు, మీరు ఆ ఉల్లిపొర మీద బ్లేడు పెడతారు. రక్తం రాక ఏం చేస్తుంది? అందుకే కూర్చోబెట్టగానే "ముఖానికి ఏం రాస్తున్నారు" అని అడగండి, పేరు చెప్పలేకపోతే ట్యూబు ఫోటో చూపించమనండి. స్టెరాయిడ్ అయితే మీరు చెయ్యాల్సిన పని ఏమీ లేదు, డాక్టర్ దగ్గరికి పంపడం తప్ప, వాళ్ళంతట వాళ్ళు టక్కున మానేయమని కూడా చెప్పకండి, అది డాక్టరే మెల్లగా మాన్పించాలి.

పెళ్ళికూతుళ్ళ విషయంలో ఇంకోటి. నూగు తీశాక అదే కుర్చీలో బ్లీచ్ వెయ్యడం, స్క్రబ్ పెట్టడం, పీల్ పెట్టడం, ఇవన్నీ ప్యాకేజీలోంచి తీసేయండి. అప్పుడే పైపొర పోయిన చర్మం మీద అమ్మోనియా, పెరాక్సైడ్ పోస్తే మంట కాక చల్లగా ఉంటుందా. మా పిల్లకి ఆ రాత్రంతా ఫ్యాను కింద ముఖం పెట్టుకుని కూర్చోవడమే అయింది. తెల్లారితే నలుగు, ముత్తైదువులంతా వచ్చి సున్నిపిండి బరబరా రుద్దారు, పిల్ల కళ్ళనిండా నీళ్ళు, అందరూ పుట్టింటి మీద బెంగ అనుకున్నారు. పెళ్ళి ఉంటే మొదటిసారి నెల ముందే ఒకసారి చేసి చూడండి, పడిందో లేదో తెలుస్తుంది. చేశాక వారంరోజులు ఎండలో సన్‌స్క్రీన్ లేకుండా తిరగొద్దని చెప్పండి. తెల్లతోలు వాళ్ళకి ఎర్రబడి పోతుంది, మన చర్మానికి మంట తగ్గాక నల్లమచ్చ మిగులుతుంది, మంగు ఉన్నవాళ్ళకి అది ఇంకా ముదురుతుంది. మళ్ళీ మూడు నాలుగు వారాల దాకా రావద్దనండి, బేరం పోయినా సరే.

వాడిన బ్లేడు ఎక్కడ పడేస్తున్నారు? దూది, థ్రెడింగ్ దారాలు, టీ కప్పులతో కలిపి నల్ల కవర్లో కట్టి పొద్దున్నే చెత్తబండికి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం మా హాస్పిటల్లో సూదులు, బ్లేడులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేస్తాం, నింపిన డబ్బా వేరే బండి వచ్చి తీసుకెళ్తుంది. మీకు ఆ బండి రాకపోవచ్చు, కానీ గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, దగ్గర్లో ఉన్న క్లినిక్ వాళ్ళని అడిగితే వాళ్ళ డబ్బాలో వేసుకుంటారేమో, అడగండి. ఆ నల్ల కవరు చేత్తో పిసికి తడి చెత్త పొడి చెత్త విడదీసే మునిసిపాలిటీ ఆవిడ వేళ్ళకి చాలాసార్లు గ్లౌజులు ఉండవు. ఒకావిడ బొటనవేలికి బ్లేడు దిగి మా క్యాజువాలిటీకి వచ్చింది, ఎవరిదో, ఎక్కడిదో తెలీని బ్లేడు. ఆవిడకి టీటీ ఇంజెక్షన్ చేస్తున్నప్పుడు నాకు ఆ నీలం గ్లాసే గుర్తొచ్చింది.

వచ్చే మాఘంలో మా రెండోదాని పెళ్ళి. వేరే పార్లర్ కి వెళ్దాం అంటోంది వదిన, నేనే వద్దన్నా, ఆ అమ్మాయి చేతిలో పనితనం ఉంది, మర్యాద ఉంది, తప్పు ఆ గ్లాసుది. పెళ్ళికి నెల ముందు ఆదివారం పొద్దున్నే మీ దగ్గరికే వస్తాం, పిల్ల, వదిన, నేను. ఈసారి నేను నోరు తెరిచి అడుగుతా, మీరు ఏమనుకున్నా సరే. మూడు బ్లేడులు తీసి పెట్టండి.

ఇట్లు
మీ వీధి చివర ఉండే నర్సు